కథ చెప్పువారెవరు?

మన యిరుగుపొరుగు భాషలవారు నవలను ఏమని పిలుచుచున్నారో గమనించినచో ఒక వింత కనబడును. మరాఠీవారును కన్నడమువారును దానిని 'కాదంబరి' యందురు. సుమారు పదునాలుగు వందల యేండ్ల క్రిందట బాణుడు వ్రాసిన ఒక కథలోని నాయిక పేరు ఆ భాషలలో ఒక సాహిత్యజాతి కంతటికిని పేరయినది. వంగభాషలోను హిందీలోను నవలకు 'ఉపన్యాసము' అని పేరు. ఈ మాట వినినప్పుడు తెలుగువానికి నవ్వు రాకమానదు. ఏలయన మనకు ఉపన్యాసమనగా సభలో నిలువబడి చేయునది, లేదా రేడియోలో ఇట్లు కూర్చుండి చదువునది. తమిళులు క్రొత్తదనము తోచునట్లు 'పుదినం' అనిరి. గుజరాతీవారు 'నవలకథ' యనిరి. మనము 'నవల' యనుచున్నాము.

ఒకే వస్తువునకు ఇన్ని పేర్లేల? ఇంగ్లీషువారి నుండి ఒక క్రొత్త ప్రక్రియ వచ్చినప్పుడు, దీనిని మన యింటిలో ఏ అరలో పెట్టవలెనని ఒక్కొక్క భాషవారు తమలో తాము ప్రశ్నించుకొనిరి. ఇది మన పాత కథయేనని కొందరు తలచిరి. కాదు, ఇది కేవలము క్రొత్తదని మరికొందరు తలచిరి. కావున సాహిత్యమునందలి పారిభాషిక పదము ఒట్టి గుర్తుచీటి కాదు. దాని వెనుక ఒక నిర్ణయము ఉండును. ఒక్కొక్కప్పుడు ఒక పెద్ద తగవే ఉండును. అట్టి తగవులలో మిక్కిలి పాతదియు, నేటికిని తీరనిదియు నగు దానిని గూర్చి ముచ్చటించుటయే ఈ ప్రసంగమున నా యుద్దేశము. ఆ తగవు ఇది: కథను చెప్పవలసిన వారెవరు?

కథను గూర్చి మనకు గల పారిభాషిక పదములలో పెక్కు నాటకశాస్త్రము నుండి వచ్చినవి. ఇతివృత్తము నాటకమునకు శరీరమని భరతుడు చెప్పెను. ఆ ఇతివృత్తమునకు బీజము, బిందువు, పతాక, ప్రకరి, కార్యము అని అయిదు అర్థప్రకృతులను, ముఖము మొదలు నిర్వహణము వరకు అయిదు సంధులను శాస్త్రకారులు ఏర్పరచిరి. ఈ పేర్లు చక్కనివి. మొదట కొంచెముగా నాటబడి పిదప కొమ్మలు వేసి విస్తరించునది బీజము. నడుమ నేవో సంగతులు వచ్చి కథ తెగిపోయినట్లు తోచినప్పుడు దానిని మరల అతుకునది బిందువు. నీటిమీద పడిన నూనెచుక్కవలె అది అంతటను వ్యాపించును. రామకథలో సుగ్రీవుని వృత్తాంతమువలె ప్రధానకథతో చాలదూరము కలిసి నడచునది పతాక. శబరి వృత్తాంతమువలె కొంచెముసేపు కనబడి తొలగిపోవునది ప్రకరి. నేటి కథను గాని నవలను గాని విమర్శించువారికి గూడ ఈ మాటలు చక్కగా ఉపయోగపడును.

అయినను వీనిలో ఒక లోటు కలదు. నాటకమునందు కథ చెప్పువాడు లేడు. సూత్రధారుడు ప్రస్తావన ముగించి తెరవెనుకకు పోవును. అటుపై పాత్రలే మాటలాడుకొనును. కావున ఎవరు చెప్పుచున్నారను ప్రశ్న నాటకశాస్త్రమునకు అంతగా అవసరము లేకపోయినది. ఆ ప్రశ్న గద్యకావ్యముల విషయమున పుట్టినది. గద్యమును గూర్చి చర్చించిన ఆలంకారికులు దానిని ఆఖ్యాయిక యనియు, కథ యనియు రెండుగా విభజించిరి. అగ్నిపురాణము ఇంకను ముందునకు పోయి ఆఖ్యాయిక, కథ, ఖండకథ, పరికథ, కథానిక అని అయిదు విధములు చెప్పినది. నేడు మన పత్రికలలో చిన్నకథకు వాడుచున్న 'కథానిక' అను మాట ఆ జాబితాలో కడపటిది. మాట పాతదే, ఇరువదవ శతాబ్దిలో మనవారు దానికి క్రొత్త పని అప్పగించిరి.

ఆఖ్యాయికకును కథకును భేదమేమి? భామహుడు తన కావ్యాలంకారమున కొన్ని లక్షణములు చెప్పెను. ఆఖ్యాయికకు ఉచ్ఛ్వాసములను విభాగము లుండవలెను. కొన్ని ప్రత్యేక వృత్తము లుండవలెను. వీనికంటె ముఖ్యమయిన లక్షణము మరియొకటి కలదు. ఆఖ్యాయికలో నాయకుడు తన చరిత్రమును తానే చెప్పును. కథలోనన్ననో ఇతరులు చెప్పుదురు. ఇట్లు చెప్పి, కులీనుడయిన వాడు తన గుణములను తానే యెట్లు పొగడుకొనగలడని కూడ భామహుడు ప్రశ్నించెను. నేటి విమర్శకులు ఉత్తమపురుష కథనమని, ప్రథమపురుష కథనమని చెప్పుచున్న భేదము ఇదియే. కాని భామహునికి ఇది నేర్పునకు సంబంధించిన ప్రశ్న కాదు, మర్యాదకు సంబంధించిన ప్రశ్న. పెద్దమనిషి తన్ను గూర్చి తాను చెప్పుకొనవచ్చునా?

దీనికి దండి తన కావ్యాదర్శమున సమాధానము చెప్పెను. ఆఖ్యాయికలో నాయకుడే చెప్పవలెనను నియమము ఎక్కడను నిలుచుట లేదు. అందును ఇతరులు చెప్పుచునే యున్నారు. చెప్పువాడు నాయకుడైననేమి, మరియొకడైననేమి? అది రెండు జాతులకు భేదము కాజాలదు. కథ, ఆఖ్యాయిక అనునవి ఒకే జాతికి రెండు పేర్లు మాత్రమే. ఇక స్వోత్కర్ష మాట: ఉన్నది ఉన్నట్లు చెప్పువానికి తన గుణములను తాను వెల్లడించుట దోషము కాదు. ఇది దండి వాదముయొక్క సారము. చివరి మాటను శ్రోతలు జ్ఞాపకముంచుకొన గోరెదను. ప్రసంగము ముగియులోపల దానితో మనకు మరల పని పడును.

శాస్త్రకారులు ఇట్లు వాదులాడుచుండగా కవులు తమ దారిని తాము పోయిరి. బాణుని హర్షచరితము ఆఖ్యాయికలకు మేటి యని ప్రసిద్ధి. కాని అందు హర్షుడు తన కథ తాను చెప్పుకొనడు. బాణుడే మొదట తన వంశమును, తన బాల్యమును, తన దేశసంచారమును చెప్పి, పిదప బంధువులు కోరగా వారికి హర్షుని కథ వినిపించును. చక్రవర్తికంటె ముందు కవి తన కథ చెప్పుకొనినాడు. నియమము చెడినది, గ్రంథము నిలిచినది.

అదే బాణుడు కాదంబరిలో మరియొక చిత్రము చేసెను. విదిశానగరమున శూద్రకుడను రాజు కొలువుదీరి యుండగా ఒక చండాలకన్యక పంజరముతో ఒక చిలుకను తెచ్చును. ఆ చిలుక తన కథ చెప్పనారంభించును. ఆ కథలో జాబాలి యను మహర్షి తన శిష్యులకు చెప్పిన కథ వచ్చును. జాబాలి చెప్పు కథలో మహాశ్వేత యను కన్య చంద్రాపీడునకు తన కథ తాను చెప్పుకొనును. ఇట్లు కథలో కథ, దానిలో మరల కథ. ఇది కేవలము పిల్లల బొమ్మలపెట్టెవంటి వినోదమని తలచువారికి చివర ఒక ఆశ్చర్యము కాచుకొని యుండును. ఇంతసేపు సింహాసనముపై కూర్చుండి పరుల కథ వినుచున్నానని యనుకొనిన శూద్రకుడే పూర్వజన్మమున చంద్రాపీడుడు! అతడు వినినది తన కథయే. బాణుడు ఈ గ్రంథమును ముగింపకయే మరణింపగా అతని కుమారుడు దీనిని పూర్తిచేసెను. వినువానికి తన్ను తాను తెలిసికొనునట్లు చేయుటయే కథ చెప్పుటకు పరమప్రయోజన మన్న సంగతిని ఇంతకంటె స్పష్టముగా ఎవరు చెప్పగలరు?

దండి మాత్రము ఊరకుండెనా? దశకుమారచరితమున కుమారులు మరల కలిసికొని, ఎవరి సాహసములను వారే చెప్పుకొందురు. అందు మంత్రగుప్తుని వంతు వచ్చినప్పుడు ప్రియురాలి దంతక్షతములచేత అతని పెదవులు నొచ్చియుండెను. కావున అతడు ప, ఫ, బ, భ, మ అను ఓష్ఠ్యాక్షరములు ఒక్కటియు రాకుండ తన కథనంతయు చెప్పెను. దీనిని నిరోష్ఠ్యమందురు. చమత్కారమునకే వ్రాసినను ఇందు ఒక మెలకువ కలదు: చెప్పువానికి శరీరమున్నది, ఆ శరీరమునకు కలిగిన బాధ వాని మాటలమీద పడును. ఈ గ్రంథమును పదమూడవ శతాబ్దిలో కేతన తెనిగించి తిక్కనసోమయాజికి అంకితమిచ్చెను; అభినవదండి యను బిరుదు పొందెను.

ఇక మన తెలుగు గ్రంథములలో మొదటి నుండియు చెప్పువాడు మాత్రమే కాక వినువాడు గూడ గ్రంథమునకు లోపలనే కూర్చుండి యుండును. భారతమును జనమేజయునకు వైశంపాయనుడు చెప్పును. దానిని నైమిశారణ్యమున శౌనకాదులకు ఉగ్రశ్రవసుడు చెప్పును. తెలుగు కవి తన కృతిపతికి వినిపించును. ఆశ్వాసము మొదలును తుదియు కృతిపతిని సంబోధించుటతో గడచును. ఇన్ని మెట్లు దిగి కథ మనయొద్దకు వచ్చుచున్నది. ఒక్కొక్క మెట్టునను ఒకడు చెప్పుచుండును, ఒకడు వినుచుండును.

ఈ పద్ధతిని తలక్రిందులు చేసి చూపిన ధీరుడు పింగళి సూరన. పదునారవ శతాబ్దిలో అతడు వ్రాసిన కళాపూర్ణోదయమున కలాపూర్ణుని పేరు కథ ఆరంభములోనే మన చెవిని బడును. కాని అతడెవడో చాలదూరము పోయినగాని తెలియదు. ద్వారకలో ఉయ్యాల లూగుచున్న కలభాషిణి, ఆకసమున విమానముపై పోవుచున్న రంభానలకూబరులు, నారదుడు, అతని శిష్యుడు మణికంధరుడు – వీరందరు మొదట వచ్చి, ఒకరి నొకరు మోసపుచ్చుచు, వేషములు మార్చుచు చిక్కుపడుదురు. ఆ చిక్కు విప్పువా రెవరు? ఋషి కాదు, సూతుడు కాదు. కలభాషిణియే మధురలాలసయై మరల పుట్టగా, ఆ పసిబిడ్డ రత్నహారము తాకినంతనే పూర్వజ్ఞానము కలిగి నోరు విప్పి సర్వమును చెప్పును. ఆమె చెప్పినదానిలో బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ కలదు. దానిని వినిన చిలుక కలదు. విశేషమేమనగా, బ్రహ్మ ఆ కథ చెప్పునప్పటికి ఆ మనుష్యులింకను పుట్టలేదు. మొదట కథ పుట్టినది, తరువాత దానిలోని జనులు పుట్టి దానిని అనుభవించిరి!

కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో ప్రకటించిన కవిత్వతత్త్వ విచారమున ఈ కథాసంవిధానమును విశేషముగా కొనియాడిరి. వర్ణనలలో మునిగి కథను మరచిన ప్రబంధముల నడుమ ఇది యొక్కటి కథనే ప్రాణముగా పెట్టుకొనినదని వారు గుర్తించిరి. 2002లో వెల్చేరు నారాయణరావుగారును డేవిడ్ షుల్మన్‌గారును దీనిని ఇంగ్లీషులోనికి అనువదించి, పేరులోనే 'ఎన్నడును చెప్పగూడని కథ' యను అర్థము వచ్చునట్లు ఉపశీర్షిక చేర్చిరి. గతమును వెనుకకు పోయి చెప్పుటను నేడు మనము సినిమావారి మాటలో 'ఫ్లాష్‌బ్యాక్' అనుచున్నాము. ఆ పని సూరన నాలుగు వందల యేండ్లకు ముందే చేసెను. అది మాత్రమే గొప్ప కాదు. లోకముయొక్క రహస్యము చెప్పు అధికారమును ఒక ఆడుశిశువునకు ఇచ్చుట అంతకంటె గొప్ప.

పండితుల గ్రంథములను విడిచి గ్రామపు తిరునాళ్లకు పోయినచో అచ్చట ఈ శాస్త్రమంతయు నడచుచు, ఆడుచు, పాడుచు కనబడును. బుఱ్ఱకథలో నడుమ తంబుర పట్టినవాడు కథకుడు. అతని కిరుప్రక్కల గుమ్మెటలతో వంతలు. ఒక వంత లోకవ్యవహారము మాటలాడును, మరియొక వంత హాస్యము మాటలాడును. కథకుడు కథను ఉదాత్తముగా నడుపుచుండగా వంత, సభలో కూర్చుండిన రైతుకు కలుగు సందేహమునే అడుగును. అతనికి వచ్చు నవ్వునే నవ్వును. అనగా వినువాడు గూడ వేదికనెక్కినాడన్నమాట. తెలంగాణములోని ఒగ్గుకథలో ఒకే కథకుడు ఒక నిమిషము కథ చెప్పువాడుగా నుండి, మరునిమిషము కథలోని తల్లియై యేడ్చును, ఆ పైని మరల కథకుడగును. ఎక్కడ చెప్పుట ముగిసినదో, ఎక్కడ పాత్ర ఆరంభమయినదో శ్రోతకు పుస్తకము చూపి బోధింపనక్కరలేదు. గొంతు మారిన మాత్రమున తెలియును.

అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట ఈ స్థితి మారినది. చదువరి ఒంటరిగా కూర్చుండి కన్నులతో చదువనారంభించెను. 1853లో పరవస్తు చిన్నయసూరి ప్రకటించిన నీతిచంద్రికలో ఇంకను విష్ణుశర్మ రాజపుత్రులకు చెప్పుచునే యుండెను. 1872లో నరహరి గోపాలకృష్ణమచెట్టిగారు శ్రీరంగరాజచరిత్రమును ప్రకటించి దానిని నవీనప్రబంధమనిరి. కందుకూరి వీరేశలింగముగారు 1878 నుండి పత్రికలో ప్రకటించిన రాజశేఖరచరిత్రమును వచనప్రబంధమనిరి. క్రొత్తది వచ్చినదని ఇరువురును ఎరుగుదురు. కాని పాత పేరును విడువలేకపోయిరి. ఆ పుస్తకమును విమర్శించిన కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు 'నవల' యను మాటను ముందుకు తెచ్చి, క్రొత్త విశేషములను గ్రహించునదని దానికి సంస్కృతవ్యుత్పత్తి గూడ కల్పించిరి. ఇంగ్లీషు మాటకు జందెము వేసి ఇంటిలోనికి పిలిచినట్లయినది. పిలిచినందుకు అది మన యింటనే స్థిరపడినది.

రాజశేఖరచరిత్రమునకు ప్రేరణ గోల్డ్‌స్మిత్ 1766లో ప్రకటించిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' అని అందరెరిగినదే. ఈ రెంటికి గల పోలికలను గూర్చి చాలమంది వ్రాసిరి. కాని ఒక భేదమును గూర్చి చెప్పుకొనవలసినంతగా చెప్పుకొనలేదని నా యభిప్రాయము. ఇంగ్లీషు కథను ఆ మతాచార్యుడే 'నేను' అని చెప్పును. అతడు మంచివాడు, కొంచెము అమాయకుడు, కొంచెము డాంబికుడు. తన డాంబికము తనకు తెలియదు, చదువరికి తెలియును. ఆ రెంటి నడుమనే హాస్యము పుట్టును. ఇట్లు తాను చెప్పుచున్న దానికంటె తక్కువ తెలిసినవానిని, లేదా నిజము దాచువానిని, నమ్మదగని కథకుడని వేన్ బూత్ అను అమెరికా విమర్శకుడు 1961లో పేరు పెట్టెను.

వీరేశలింగముగారు ఈ 'నేను'ను తీసివేసిరి. గోదావరి పుట్టిన చోటుతో ఆరంభించి, ధవళేశ్వరమును వర్ణించి, పిదప రాజశేఖరుని యిల్లు ప్రవేశించిరి. కథ చెప్పువాడు గ్రంథకర్తయే. ముఖస్తుతికి లొంగిపోవు గృహస్థును, సువర్ణము చేసెదనని వచ్చిన బైరాగిని, జ్యోతిషమును నమ్మి చెడిన వారిని అతడు పైనుండి చూచి మనకు చూపును. సంఘమును దిద్దవలెనని పూనుకొనినవారికి అట్టి గొంతు కావలసివచ్చెను. దానివలన లాభమును కలిగెను. కాని రాజశేఖరుడు తన గొంతుతో తన మూఢత్వమును తానే బయటపెట్టుకొను వినోదము మాత్రము మనకు దక్కలేదు. ఇది గ్రంథకర్తను తప్పుపట్టుట కాదు. చెప్పువానిని మార్చినప్పుడు కథయొక్క బుద్ధియే మారునని చూపుట.

చిన్నకథలో ఈ మార్పు ఇంకను త్వరగా వచ్చినది. బండారు అచ్చమాంబగారు 1902 నాటికే హిందూసుందరి పత్రికలో ధనత్రయోదశి వంటి కథలు ప్రకటించిరి. 1910 ఫిబ్రవరిలో మచిలీపట్టణపు ఆంధ్రభారతిలో గురజాడ అప్పారావుగారి దిద్దుబాటు వెలువడినది. అందు నది లేదు, నగరవర్ణన లేదు, వంశక్రమము లేదు. అర్ధరాత్రివేళ మూసిన తలుపుముందు నిలిచి ఒక మగడు పిలుచుచుండును, అదియే ఆరంభము. అతడు సంస్కారమును గూర్చి మాటలాడువాడు, కాని సానివారి పాటకు పోయి ఆలస్యముగా వచ్చినాడు. లోపల భార్య లేదు. ఒక ఉత్తరము మాత్రమున్నది. అటుపై అతని కలవరము, సేవకుని మీది కోపము, పశ్చాత్తాపము. చివర మంచము క్రిందినుండి భార్య నవ్వు!

ఇందలి కథనశిల్పము పరిశీలింపదగినది. కథకుడు మగని వెంటనే యుండి, అతనికి తెలిసినంతయే మనకు తెలియనిచ్చును. అందువలన అతడు మోసపోయినప్పుడు మనమును మోసపోదుము. భార్య కంటికి కనబడకయే తన ఉత్తరముతో ఇల్లంతయు నిండియుండును. చదువు నేర్చిన స్త్రీ చేతివ్రాత ఒక పాత్రయై నిలిచినది. కథ పేరులో దిద్దబడువాడు మగడు, దిద్దినది ఆమె. చెప్పువాడు ఆమెను గూర్చి ఒక్క ఉపదేశవాక్యమైనను చెప్పనక్కరలేకపోయినది.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, 1891లో పుట్టి 1961లో పరమపదించినవారు, మరియొక అడుగు ముందుకు వేసిరి. వారి కథలలో కథకుడు దాదాపుగా తప్పుకొనును, మాటలే నడుపును. 'అరికాళ్లక్రింద మంటలు' అను కథలో వితంతువయిన ఒక చిన్నది పుట్టినింట పడు బాధను వర్ణించుటకు గ్రంథకర్త కన్నీటి వాక్యములు వ్రాయలేదు. ఇంటివారు ఒకరివెనుక ఒకరు ఆమెకు పురమాయించు పనులు, విసరు మాటలు – అవియే వరుసగా వినబడుచుండును. ఆ మాటల వేడిమియే మంటలు. చివర ఆమె యిల్లు వెడలి జట్కా యెక్కి వీరేశలింగముగారి తోటకు పోవును. ముప్పది, నలువది పుటల ఉపదేశము చేయలేని పనిని తూర్పుగోదావరి యిండ్లలోని వాడుకమాట చేసినది. ఈ కథ చదివినవారికి భామహుని ప్రశ్న తలక్రిందులై కనబడును. తన్ను గూర్చి తాను చెప్పుకొనుట మర్యాదయా యని ఆనాడు అడిగిరి. ఈ చిన్నదాని బాధను ఆమె తప్ప మరియొకరు చెప్పుట న్యాయమా యని ఈనాడు అడుగవలసివచ్చినది.

ఇంకొక మలుపు మిగిలియున్నది. మనసులోని తలపులు ఏటివలె ఎడతెగక పారునని అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్స్ 1890లో చెప్పెను. ఆ మాటను 1918లో మే సింక్లెయిర్ అను ఆంగ్లరచయిత్రి డొరొతీ రిచర్డ్‌సన్ నవలలను విమర్శించుచు సాహిత్యమునకు తెచ్చెను. దానిని మనవారు 'చైతన్యస్రవంతి' యనిరి. ఇది చక్కని మాట. మూలము కంటె వినుటకు ఇంపైనది. శ్రీశ్రీ తన 'చరమరాత్రి' కథలలో ఈ పద్ధతిని ప్రయోగించెను. రేడియోలో పనిచేసిన బుచ్చిబాబుగారి 'చివరకు మిగిలేది' మనసు లోలోతులను త్రవ్విన నవలగా నిలిచినది. 1969లో నవీన్‌గారి 'అంపశయ్య' వెలువడినది. ఉస్మానియా విశ్వవిద్యాలయపు హాస్టలులో ఉండు రవి యను విద్యార్థికి ఒక్క దినమున కలిగిన తలపులే ఆ నవల అంతయు. పల్లె నుండి వచ్చిన బీదవాడు, చేతిలో డబ్బు లేదు, పరీక్షలు దగ్గర పడుచున్నవి. ఆ రవి ఆకలి, సిగ్గు, ఆశ, పగటికల – ఒకదానిలో నొకటి కలిసిపోయి పారుచుండును. ఈ పుస్తకము పేరే తరువాత గ్రంథకర్త యింటిపేరయి, ఆయన అంపశయ్య నవీన్ అయిరి.

చైతన్యస్రవంతిలో చెప్పువాడెవడు? రవి ఎవరికిని చెప్పుట లేదు. తనలో తానయినను చెప్పుకొనుట లేదు, తలచుచున్నాడు. నాటకములోని స్వగతమునందు పాత్ర సభకు వినబడునట్లు మాటలాడును. ఇచ్చట సభ లేదు. పదునాలుగు వందల యేండ్ల ప్రయాణములో మొదట అందరు వినునట్లు చిలుక చెప్పిన కథ, తుదకు ఎవరును వినకుండ ఒక విద్యార్థి తలలో తిరుగు కథ అయినది. మనము తలుపు సందునుండి వినుచున్నవారము.

ఇన్ని పేర్లు చెప్పుటవలన ప్రయోజన మేమని అడుగువా రుందురు. కథ బాగున్నచో చాలదా, ఉత్తమపురుష మయిన నేమి, ప్రథమపురుష మయిన నేమి యందురు. చదువుకొనుటకు చాలును. కాని పొరుగింటి తగవు మన చెవిని బడినప్పుడు, ఇది ఎవరు చెప్పిరి, వారికెట్లు తెలిసెను, చెప్పనిది ఏమైనను కలదా యని మనము అడుగుదుము. కథను గూర్చిన శాస్త్రమంతయు ఈ మూడు ప్రశ్నలకు పెట్టిన పేర్లే. ఆ ప్రశ్నలు అడుగుట నేర్చినవానిని కథయే గాని, కథవలె వచ్చు వార్తయే గాని సులభముగా మోసపుచ్చలేదు. పేరు తెలిసినందువలన కలుగు లాభమిది.

ఇప్పుడు దండి మాటకు మరల వత్తము. ఉన్నది ఉన్నట్లు చెప్పువానికి తన్ను గూర్చి చెప్పుకొనుట దోషము కాదని అతడు తీర్పు చెప్పెను. అతడు తలచినది రాజకుమారులను గూర్చి కావచ్చును. కాని తీర్పు వెలువడిన తరువాత అది అందరికిని వర్తించును. ఇంటిలో పనిచేసి పనిచేసి అలసిన వితంతువునకును, హాస్టలుగదిలో ఆకలిగొన్న బీద విద్యార్థికిని, ఊరిచివర పుట్టి తన కథను తానే వ్రాయబూనిన వానికిని ఆ తీర్పు హక్కుపత్రము. వారు మాటలాడినప్పుడు, మర్యాద కాదని గాని శిల్పము చాలదని గాని నోరు మూయించుటకు మన శాస్త్రము ఒప్పుకొనదు.

కడపటి మాట ఒకటి. మన యిండ్లలో బామ్మ కథ చెప్పునప్పుడు పిల్లలు 'ఊఁ' కొట్టవలెనను నియమము కలదు. 'ఊఁ' ఆగినచో కథ ఆగును. పిల్లవాడు నిద్రించెనని బామ్మ దీపము తగ్గించును. వైశంపాయనునకు జనమేజయుడు కొట్టినదియు, బుఱ్ఱకథకునకు వంత కొట్టునదియు ఆ 'ఊఁ'యే. రేడియో ముందు కూర్చుండి మాటలాడువానికి ఆ 'ఊఁ' వినబడదు. అయినను ఎక్కడో ఒక యింటిలో, భోజనములయిన పిమ్మట, నలుగురు చుట్టును కూర్చుండి దానిని కొట్టుచున్నారను నమ్మకముతోనే అతడు చెప్పుచుండును. ఆ నమ్మకమే లేనినాడు కథయు లేదు, కథకుడును లేడు.